ఈథర్ మాట

పోన్‌గ్వెర్న్ లోయలో వీధికి ముగ్గురు నలుగురు బార్బాలు ఉండేవారు. ఇంట్లో ఎవరైనా తుపాకిమందు కార్ఖానాలో పనిచేస్తుంటే, పుట్టిన ఆడపిల్లకి ఇంకో పేరు తట్టేది కాదు మా వాళ్లకి. పిడుగుల నుంచీ పేలుళ్ల నుంచీ కాపాడే పునీత బార్బా పేరు పెట్టేస్తే సగం భయం తీరిపోయినట్టే. ఇంతమంది బార్బాల్ని విడివిడిగా పిలవాలి కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో తోక తగిలించేవారు. పొడుగు బార్బా, మేకల బార్బా, వాగు పక్క బార్బా. కెర్మారెక్ వాళ్లమ్మాయికి మాత్రం ‘ఎందుకు బార్బా’ అన్న పేరు పడింది. ఎందుకు పడిందో ఆమెతో కాసేపు మాట్లాడినవాళ్లెవరూ మళ్లీ అడగలేదు.

చిన్నప్పుడు చర్చిలో అందరూ మోకాళ్ల మీద ఉండగా, “అమ్మా, ఫాదరు లాటిన్లోనే ఎందుకు చదువుతారు, దేవుడికి మన బ్రెటన్ భాష రాదా?” అని గట్టిగా అడిగింది. తల్లి నెత్తిన ఒక్కటి మొట్టింది. ఎందుకు కొట్టావని మళ్లీ అడిగింది. ముప్పై దాటినా ఆ గుణం పోలేదు. పెళ్లి కాకపోవడానికి అదే కారణమని ఊరివాళ్లు అనేవారు. ఊరివాళ్లకేం, ఏదో ఒకటి అనకపోతే తిన్నది అరగదు.

బార్బా పని మందు ముద్ద పిసికే హాల్లో. ఏటి అవతలి ఒడ్డు నుంచి అక్కడికి పత్తి వచ్చేది. యాసిడ్‌లో మునిగి, ఎన్నోసార్లు కడిగించుకుని వచ్చిన పత్తి. చూడ్డానికి మామూలు దూదే. దాన్ని అలాగే ఫిరంగిలో కూరితే ఒక్కసారిగా భగ్గుమని గొట్టాన్నే చీల్చేస్తుంది. అందుకని ఆ దూది మీద ఈథరూ ఆల్కహాలూ కలిపి పోసి, తొట్టిలో మర తిప్పుతారు. కాసేపటికి పోగులన్నీ ఒకదాన్లో ఒకటి కరిగిపోయి, తేనె రంగు ముద్ద తయారవుతుంది. ఆ ముద్దని మరలో నొక్కి పట్టీలుగా తీసి, వెచ్చటి గదుల్లో దండేల మీద ఆరేస్తారు. ఆరాక కొమ్ము దువ్వెనలా గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ మందు పైపొర నుంచి లోపలికి ఒద్దికగా కాలుతుంది. పొగ కూడా ఉండదు.

బార్బాకి అర్థం కానిది ఒక్కటే. తయారైన పట్టీలో ఈథర్ ఉండకూడదు. ఎక్కువ మిగిలిపోతే మందు బద్ధకంగా కాలుతుంది. తొందరపడి తరిమేస్తే పట్టీ పగుళ్లిస్తుంది. నెమ్మదిగా, దానంతట అది పోవాలి. అది రాకపోతే పని జరగదు, వచ్చింది పోకపోతే పని చెడుతుంది. ఇంత పని చేయించుకుని పొమ్మంటే ఆ ఈథర్ ఎక్కడికి పోతున్నట్టు?

“నీ తలలోకి,” అన్నాడు మేస్త్రీ, ఆమె అడిగినప్పుడు. “నీ తలలోకీ, ఇదిగో మీ వదిన నాయిగ్ తలలోకీ. అందుకే మీ ఇద్దరూ ఇలా తయారయ్యారు.”

ఆ మాటలో అబద్ధం లేదు. మధ్యాహ్నం తిరిగేసరికి హాల్లో అందరికీ తల తేలికయ్యేది. ఎవరో ఒకరు పాట అందుకునేవారు. నిప్పురవ్వ రాకుండా మేకు లేకుండా చేసిన చెక్కచెప్పులతో లయ తప్పకుండా నేల తట్టేవారు. నవ్వు మొదలైతే ఆగేది కాదు. సాయంత్రం గేటు దగ్గర కార్ఖానా బట్టలు విడిచి, సొంత బట్టలు కట్టుకుని బయట చల్లగాలిలోకి వచ్చాక ఆ కైపు ఇంకా ఎక్కేది. గేటు నుంచి రాతి వంతెన దాకా ఉన్న దారంతా కిలకిలలే. వంతెన మీద మాత్రం సముద్రపు పాయ నుంచి వచ్చే గాలి మొహాన కొట్టేది. అక్కడితో కైపు దిగిపోయేది.

అందువల్ల మా లోయలో ఒక కట్టుబాటు పుట్టింది. గేటుకీ వంతెనకీ మధ్య అన్నదేదీ మాట కాదు. దాన్ని ఈథర్ మాట అనేవారు. ఆ దారిలో మేస్త్రీని పంది అన్నా మర్నాడు మేస్త్రీ అడగకూడదు. అత్తని తిట్టినా, అప్పు ఎగ్గొడతానన్నా, సన్యాసుల్లో కలుస్తానన్నా వంతెన దాటాక ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడికి ఆ వారం ఎవరూ యాపిల్ సైడర్ పోసేవారు కాదు. ఇంత మంచి కట్టుబాటు లోకంలో ఇంకెక్కడైనా ఉందా అంటే నాకు తెలిసి లేదు.

కోరెంతిన్ రియు ప్రతి శనివారం ఆ దారిలోనే బార్బాని పెళ్లి చేసుకోమని అడిగేవాడు.

అతను ఏటి అవతల రెండో పిసికే హాల్లో మనిషిగా అందరికీ తెలుసు. పొడుగ్గా, వంగి నడిచేవాడు. ఒక షెడ్డువాళ్లు ఇంకో షెడ్డులోకి అడుగు పెట్టకూడదు, లోపలి సంగతి బయట మాట్లాడకూడదు అని గోడలనిండా నోటీసులుండేవి. కాబట్టి అవతలివాళ్లు కలిసేది గేటు దగ్గరే. కోరెంతిన్ అక్కడి నుంచి తూలుతూ వచ్చి పక్కన చేరేవాడు.

“బార్బా, ఈసారైనా చెప్పు. నన్ను చేసుకుంటావా?”

“చేసుకోక చస్తానా! మంచం కొన్నావా మరి?”

“కొన్నా. చెక్కిన మంచం. పైన పిట్టలు, కింద పిట్టలు.”

“పిట్టలు రాత్రంతా అరుస్తాయి, నాకొద్దు బాబూ!” అని నాయిగ్ మధ్యలో దూరేది. నాయిగ్ అంటే బార్బా అన్న పెళ్లాం. అదే హాల్లో పక్క తొట్టి ఆమెది.

“నీకెవరిచ్చారు వదినా? సరే కోరెంతిన్, సరే. చేసుకుంటా,” అని నవ్వేది బార్బా.

వంతెన వచ్చేది. గాలి కొట్టేది. కోరెంతిన్ టోపీ సర్దుకుని, “మంచిది. వస్తా,” అని తలొంచుకుని తన దారి పట్టేవాడు. ఆదివారం చర్చి బయట ఎదురుపడితే వాన గురించి ఒక ముక్క అనేవాడు. అంతకు మించి నోరు పెగిలేది కాదు.

అలా ఎన్నో శనివారాలు గడిచాయి. మొదట్లో అది బార్బాకి ఆటే. తర్వాత ఆటగా ఉండటం మానేసింది. సోమవారం నుంచే శనివారం కోసం చూస్తున్నానని ఆమెకి తెలిసిపోయింది. కానీ ఆ అడిగేది కోరెంతినా, అతని తలలోని ఈథరా? ఈ ప్రశ్న ఎవర్నీ అడగడానికి లేదు. ఆ దారిలో అన్నదాని గురించి వంతెన ఇవతల అడగకూడదు కదా. ప్రతిదానికీ ఎందుకని అడిగే మనిషి ఆ ఒక్కటీ మాత్రం మింగి కూర్చుంది.

ఆ ఏడు శరత్కాలంలో దర్జీ జోబిగ్ తాత వాళ్లింటికి వచ్చాడు. మా వైపు పెళ్లి సంబంధాలు దర్జీలే తెస్తారు. చేతిలో పచ్చ కొమ్మ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడంటే సంగతేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బార్బా తల్లి గబగబా పెనం మీద పిండి పోసింది.

“అమ్మాయ్,” అన్నాడు తాత, జొన్నరంగు అట్టు మీద వెన్న రాసుకుంటూ, “కొండ అవతల పిండిమర ఉందే, గ్వెనోలే వాళ్లది. పెళ్లాం పోయి రెండేళ్లయింది. మనిషి నెమ్మది. ఇంట్లో లోటు లేదు. నిన్నే అడగమన్నాడు.”

“నన్నే ఎందుకు తాతా?”

“ఇదిగో, మొదలెట్టింది! ఎందుకంటే నచ్చావు కాబట్టి. ఇంకెందుకు?”

“ఎక్కడ చూశాడు?”

“సంతలో. గాడిదకి అన్ని పళ్లుంటే ఆవుకి పైపళ్లు ఎందుకుండవని వాణ్ని అడిగావంట. ఇప్పటికీ అదే ఆలోచిస్తున్నాడు పాపం.”

తల్లి మొహం చేటంతయింది. బార్బాకి కూడా ఆ మనిషి మీద జాలి లాంటిదేదో కలిగింది. చెడ్డ సంబంధం కాదు. వెళితే లోయ దాటి వెళ్లాలి, కార్ఖానా మానాలి, శనివారాలు మానాలి.

“పునీత బార్బా పండక్కి జవాబు చెప్పాలమ్మా,” అన్నాడు తాత లేస్తూ. “డిసెంబర్లో ఆ పండగ దాటితే వాడు ఇంకోచోట చూసుకుంటాడు. పిండిమరలో ఆడమనిషి లేకపోతే ఎలుకలదే రాజ్యం.”

బార్బాకి ఇక గడువు పడింది. కోరెంతిన్ మాట మాటే అయితే పిండిమర వద్దు. ఈథర్ మాటే అయితే పిండిమరే మేలు. ఈ ఒక్క సంగతి తేలాలి.

ఆ తర్వాతి ఆదివారమే ఆమె తేల్చుకోవాలని చూసింది. ఆదివారం పొద్దున్న మనిషి తలలో ఈథర్ ఉండదు కదా. పూజ అయ్యాక చర్చి ప్రహరీ దగ్గర కోరెంతిన్‌ని ఆపింది.

“నాకో సంబంధం వచ్చింది. తెలుసా?”

“విన్నాను,” అన్నాడతను. టోపీ చేతిలో గుండ్రంగా తిరుగుతోంది.

“పిండిమర అతను.”

“మంచివాడంటారు.”

“ఇంకేమైనా చెప్పేదుందా?”

కోరెంతిన్ ఆకాశం వైపు చూశాడు. “సాయంత్రానికి వాన పడేలా ఉంది,” అన్నాడు.

ఇంటికెళ్లి బార్బా కుండెడు ఉల్లిపాయలు తరిగింది. ఉల్లిపాయలు కాబట్టి కళ్ల నీళ్లకి కారణం ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఈథరే మాట్లాడిందన్నమాట ఇన్నాళ్లూ. మనిషి మంచివాడే, కానీ ఆ మాటలు అతనివి కావు. అలా అనుకుని నిద్రపోయింది. నిద్రపోయిందనే చెప్పింది, నేనైతే నమ్మను.

ఆ మరుసటి సోమవారం హాల్లోకి పనివాళ్లొచ్చారు. పారిస్ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి తొట్ల మీద రేకు గొడుగులు పెట్టించాడు. వాటికి లావుపాటి గొట్టాలు, అవి నేలమాళిగలోకి. ఏదో ఫ్యాన్ గాలిని లాగేస్తోంది. వారం తిరక్కుండానే హాల్లో పాటలు ఆగిపోయాయి.

“ఏంటే ఇది, చావింట్లో కూర్చున్నట్టుంది,” అంది నాయిగ్. “కడుపునిండా నవ్వి ఎన్నాళ్లయిందో! ఈ గొడుగులెందుకో కనుక్కో, ఎటూ నీ నోరు ఊరుకోదుగా.”

బార్బా కనుక్కుంది. ఇంజనీరు విసుక్కోలేదు. అలాంటి ప్రశ్న అడిగేవాళ్ల కోసమే చూస్తున్నట్టున్నాడు పాపం, వెంటనే మెట్లు దింపి నేలమాళిగలోకి తీసుకెళ్లాడు. గాలి వచ్చే గొట్టాన్ని మంచులాంటి ఉప్పునీటిలోంచి పాము చుట్టల్లా తిప్పారు. ఆ చివర గాజు బుడ్డిలోకి ఒక్కొక్క చుక్కే పడుతోంది.

“ఇదేంటయ్యా?”

“ఈథర్. పైన మీరు పోసినదే.”

“పోయిందనుకున్నాంగా!”

“పోలేదమ్మా. గాల్లో ఉంది. చల్లబెడితే తిరిగొస్తుంది. ఇన్నేళ్లూ పట్టుకునేవాళ్లు లేక పోయింది, అంతే.”

బార్బా అక్కడే నిలబడి చాలాసేపు ఆ చుక్కల్ని చూసింది. చిన్నప్పటి నుంచీ అడిగిన వాటిలో ఇంత చక్కటి జవాబు ఏ ప్రశ్నకీ రాలేదు. ఆ సంతోషంతో రాత్రి భోజనం దగ్గర తల్లికి మొత్తం వివరించింది. తల్లికి సగం కూడా అర్థం కాలేదు. కూతురు నవ్వుతోంది కాబట్టి తనూ నవ్వింది.

ఇప్పుడు చెప్పబోయేది మా కార్ఖానా వాళ్లకి తప్ప ఇంకెవరికీ జరిగేది కాదు.

పిసికే హాల్లో చేరినవాళ్లకి మొదట్లో ఈథర్ వాసన తలలో మేకు దిగినట్టుంటుంది. కొన్నాళ్లకి అది తెలియదు. ఇంకొన్నాళ్లకి ఏ వాసనా తెలియదు. ముక్కు ఉండేది కళ్లజోడు ఆనడానికే. మా ఆడవాళ్లు పాలు విరిగాయో లేదో పక్కింటి పిల్లని పిలిచి వాసన చూడమనేవారు. బార్బా ముక్కు పడుకుని ఎన్నేళ్లో అయింది. అది పోయిందన్న సంగతి కూడా ఆమె మర్చిపోయింది.

గొడుగులు పెట్టిన కొన్ని వారాలకి, ఒక పొద్దున్న పశువుల పాక దాటుతూ బార్బా ఆగిపోయింది.

“అమ్మా! ఇక్కడేదో కంపు కొడుతోంది!”

“పంది ఉంది తల్లీ అక్కడ. ఎప్పట్నుంచో ఉంది.”

పందికంపు కొట్టినందుకు ఆనందంతో గంతులేసిన మనిషిని మా లోయలో మళ్లీ ఎవరూ చూడలేదు. ఇక చూడాలి ఆమె సంబరం. వెన్న వాసన చూసింది. తడిసిన ఉన్ని, రాలిన యాపిల్ పండ్లు, ఫాదరు గారి పాత అంగీ, అన్నీ చూసింది. నాయిగ్ మెడ దగ్గర ముక్కు పెట్టి, “వదినా, నీ జుట్టులో ఇంకా ఈథరుంది!” అంది. ఏళ్ల తరబడి జుట్టులో ఇంకినది అంత తొందరగా పోదు. ఆదివారాలు బూడిదనీళ్లతో ఎంత రుద్దినా హాలువాళ్ల జుట్టులో అది ఉంటుంది.

ఆ వాన మాట తర్వాత శనివారాలు బార్బా గేటు దగ్గర ఆగకుండా ముందే వెళ్లిపోయేది. పునీత బార్బా పండక్కి ముందు వచ్చిన శనివారం మాత్రం ఆగింది. గేటు దగ్గర అలవాటు ప్రకారం జనం. బార్బా హాలువాళ్లలో నవ్వులు లేవు. అందరూ మామూలు మనుషుల్లా నడుస్తున్నారు. కోరెంతిన్ మాత్రం తూలుతూ వచ్చాడు. ఏటి అవతలి హాలుకి గొడుగులింకా రాలేదని ఎవరో అన్నారు, కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

“బార్బా,” అన్నాడు. “ఇదే ఆఖరిసారి అడగడం అనుకుంటా. నన్ను చేసుకుంటావా?”

బార్బా జవాబు చెప్పబోయి, ఊపిరి తీసుకుంది. ఆగింది. ఇంకోసారి తీసుకుంది. దగ్గరకెళ్లి, నలుగురూ చూస్తుండగా, అతని మెడ దగ్గర వాసన చూసింది.

“ఏంటే, కుక్కలా!” అంది నాయిగ్.

పైన్ చెక్క వాసన. తాజాగా కోసిన చెక్క, జిగురు, కొంచెం పొగాకు. చొక్కాలో, జుట్టులో, చెవి వెనక. ఎక్కడా ఈథర్ చుక్క లేదు.

“కోరెంతిన్, నువ్వెక్కడ పనిచేస్తున్నావ్?”

అతను తూలడం మానేశాడు.

“అడుగుతున్నానా?”

“పెట్టెల షెడ్డులో,” అన్నాడు నేల వైపు చూస్తూ. “తుపాకిమందుకి చెక్కపెట్టెలు చేస్తాను. డాక్టరు నా గుండెకి ఈథర్ పడదన్నాడు. మార్చేశారు.”

“ఎప్పుడు?”

“నిన్ను మొదటిసారి అడగడానికి ముందే.”

బార్బా దారిలోనే ఆగింది.

“మరి ఈ తూలడం?”

“హాల్లోంచి తీసేశారంటే అందరూ పాలబుగ్గ అని ఏడిపిస్తారు కదా, మా హాలువాళ్లని చెప్పొద్దని బతిమాలుకున్నాను. మొదట అందుకే. తర్వాత...” టోపీ మళ్లీ తిరగడం మొదలెట్టింది. “తూలుతూ అడిగితే, నువ్వు కాదన్నా నాకు సిగ్గుండదనుకున్నాను. నువ్వు కాదనలేదు. ప్రతిసారీ సరేనన్నావు. అది ఈథర్ మాటని నాకు తెలుసు బార్బా. లెక్కలోకి రాదని తెలుసు. అయినా వారానికోసారి నీ నోట సరే అని వింటే, ఆ వారం గడిచిపోయేది.”

బార్బాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తేల్చుకోలేకపోయింది. ఇన్నాళ్లూ అతని మాట మాట కాదని తను కుమిలింది. తీరా చూస్తే అతను అన్నదంతా నిజం. లెక్కలోకి రాని మాట అన్నది తనే. ఒక్కొక్క శనివారం ఈ మనిషి ఒట్టి సరే ఒకటి జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు.

“నడు,” అంది.

“ఎక్కడికి?”

“ఎందుకు, ఎక్కడికి అని అడగడం నా పని. నువ్వు నడు.”

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. వెనక గుంపంతా చడీచప్పుడూ లేకుండా వచ్చింది. వంతెన మీద గాలి గట్టిగా కొట్టింది. బార్బా తలగుడ్డ ఎగిరింది, పట్టుకోలేదు. వంతెన దాటి ఊరివైపు మట్టి మీద అడుగు పెట్టాక చెయ్యి వదిలింది.

“ఇప్పుడడుగు.”

కోరెంతిన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వంతెన ఇవతల అతనికి మాటలు అలవాటు లేవు. అందరూ ఎదురుచూస్తున్నారు. వాన గురించి అంటాడేమోనని నాయిగ్‌కి భయమేసిందట.

“నన్ను...” అన్నాడు. ఆగాడు. “నన్ను చేసుకుంటావా, బార్బా?”

బార్బా గుండెలనిండా గాలి పీల్చింది. ఏటి బురద, ఎవరి ఇంట్లోనో కాలుతున్న అట్లు, ఎదురుగా పైన్ చెక్క, అన్నీ విడివిడిగా తెలిశాయి.

“సరే,” అంది.

పిండిమర అతనికి కాదని చెప్పడానికి జోబిగ్ తాత ఆ సాయంత్రమే కొండ అవతలకి బయల్దేరాడు. పండగనాడు పునీత బార్బా బొమ్మ ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. కూతురి కాబోయే మొగుడు పెట్టెల షెడ్డు మనిషని తెలిసి తల్లి ఏమీ ఆశ్చర్యపోలేదు.

“చర్చిలో నా వెనక వరసలోనే కూర్చుంటాడుగా. ఎప్పుడూ చెక్క వాసనే.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“లోకంలో ఉన్నవన్నీ అడిగావు,” అంది తల్లి, “అది మాత్రం ఎప్పుడడిగావ్?”